అద్దె ఫ్లాట్‌లో కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకి ఒకరైనా ఇదే అడుగుతుంటారు, "బిల్లు డబుల్ వచ్చింది, ఏం చెయ్యాలి" అని. ప్రతిసారీ అదే టైప్ చేసి చేసి విసుగొచ్చింది, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. నేను ఎలక్ట్రీషియన్‌ని కాదు, అద్దె ఇళ్ళు మారి మారి నేర్చుకున్నవాణ్ణి, ఒక ఇంట్లో అయితే పదకొండు నెలలు ఎదుటి ఫ్లాట్ వాళ్ళ బిల్లు కట్టాను కూడా. అద్దె ఇంట్లో బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది, డబ్బు మన జేబులోంచి పోతుంది, మీటరేమో కింద ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంటుంది, సగం గొడవలు ఇక్కడే పుడతాయి. మీ డౌట్ ఏదో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మొత్తం చదవక్కర్లేదు.

## బిల్లు చేతికొచ్చాక

బిల్లు ఒక్కసారిగా డబుల్ వచ్చింది, ఇది తప్పేనా?

తప్పు అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. ముందు డబ్బు అంకె వదిలేసి యూనిట్లు చూడండి, తర్వాత ఎన్ని రోజులకి తీశారో చూడండి. పోయిన నెల 31 రోజులకి 310 యూనిట్లు, ఈ నెల 38 రోజులకి 418 యూనిట్లు అనుకుందాం. అప్పుడు రోజుకి 10, ఇప్పుడు రోజుకి 11, అంటే వాడకం పెద్దగా మారలేదు, బిల్లు తీసే అతను వారం లేటుగా వచ్చాడంతే. కానీ శ్లాబ్ (ఇన్ని యూనిట్ల దాకా ఇంత రేటు అని పెట్టిన మెట్టు) దాటేసరికి డబ్బు మాత్రం గట్టిగా పెరుగుతుంది. రోజుకి యూనిట్లే రెట్టింపయ్యాయంటే అప్పుడు అనుమానించాలి. యూనిట్లు మామూలుగానే ఉండి డబ్బే పెరిగితే పాత బాకీయో, డిపాజిట్ పేరుతో కలిపిందో, రేటు మారిందో అయ్యుంటుంది.

బిల్లులో అసలు ఏ గళ్ళు చూడాలి?

పాత రీడింగ్, కొత్త రీడింగ్, మీటర్ నంబర్, రోజులు, కేటగిరీ, బాకీలు. ఈ నెల బిల్లులో "పాత రీడింగ్" అని ఉన్నది పోయిన నెల బిల్లులో "కొత్త రీడింగ్"తో ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి, కలవకపోతే తప్పు అక్కడే దొరికిపోయినట్టు. కేటగిరీ గడిని ఎవరూ చూడరు గానీ చూడండి, ఎందుకంటే మీకంటే ముందు ఆ ఫ్లాట్‌లో ఎవరైనా ఆఫీసు పెట్టుకుని ఉంటే కనెక్షన్ ఇంకా కమర్షియల్‌లోనే ఉండిపోయి, మీరు ఇల్లు వాడుకుంటూ షాపు రేటు కడుతూ ఉండొచ్చు.

బిల్లు మీద "ఎస్టిమేటెడ్" అనో "డోర్ లాక్" అనో ఉంది, అంటే?

మీటర్ ఎవరూ చూడలేదని అర్థం. పాత నెలల సగటు చూసి ఒక అంకె వేసేశారు. వెంటనే మీటర్ రీడింగ్ ఫోటో తీసి పంపి అసలు రీడింగ్‌తో బిల్లు మార్చమని అడగండి. కొత్తగా దిగినవాళ్ళకి ఇది ఇంకా ఇబ్బంది, ఆ సగటు మీది కాదు, ముందున్న కుటుంబానిది. వాళ్ళు ఆరుగురుండి రెండు ఏసీలు వాడి, మీరు ఇద్దరే ఉంటే ఆ లెక్క మీకెలా సరిపోతుంది?

మూడు నెలలు తక్కువొచ్చి ఇప్పుడు ఒకేసారి కొండంత వచ్చింది, ఇదెక్కడి న్యాయం?

అంచనా బిల్లులు తక్కువగా వేసి, తర్వాత అసలు రీడింగ్ తీసినప్పుడు మిగిలిందంతా ఒకే నెలలో పడేస్తే ఇలా అవుతుంది. యూనిట్లు మీరు వాడినవే కాబట్టి అవి కట్టాలి, అందులో వాదన లేదు. వాదించాల్సింది శ్లాబ్ గురించి. మూడు నెలల్లో 360 యూనిట్లు కాలితే నెలకి 120 చొప్పున విడగొట్టి, ఏ నెలకి ఆ నెల శ్లాబ్ వేసి, మీరు ఇప్పటికే కట్టింది తీసెయ్యాలి. 360 మొత్తాన్నీ ఒకే నెలలో వాడినట్టు లెక్కేస్తే పై శ్లాబ్ రేటు పడి, తేడా మీ నెత్తిన పడుతుంది. "నెలలవారీగా విడగొట్టి బిల్లు రివైజ్ చెయ్యండి" అని ఇదే మాట రాసి అడగండి.

ఇల్లు తాళం వేసి ఊరెళ్ళాం, అయినా బిల్లు వచ్చిందేంటి?

వాడినా వాడకపోయినా పడే ఫిక్స్‌డ్ ఛార్జీ ఒకటి ఉంటుంది, అది వస్తుంది. ఇంకా ఫ్రిజ్ ఆన్‌లో వదిలి వెళ్ళారేమో, వైఫై, సెట్ టాప్ బాక్స్, ఇన్వర్టర్ నడుస్తూనే ఉన్నాయేమో చూస్కోండి. 10 వాట్లు లాగే వస్తువు ఒకటి రోజంతా ప్లగ్‌లో ఉంటే నెలకి 7.2 యూనిట్లు. అలాంటివి నాలుగుంటే దాదాపు 29. ఇవన్నీ తీసేసినా యూనిట్లు భారీగా ఉంటే మాత్రం మీటర్ మీదో వైరింగ్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు.

అందరూ గీజర్ వల్లే అంటున్నారు, నిజంగా అంత తాగుతుందా?

వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజర్ రోజుకి అరగంట వేడెక్కితే ఒక యూనిట్, నెలకి 30. అదే 75 వాట్ల మామూలు ఫ్యాన్ రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 27. మూడు ఫ్యాన్లు కలిస్తే 81, గీజర్‌ని మించిపోయింది చూశారా. అయితే గీజర్ స్విచ్ పొద్దున్నించి రాత్రిదాకా ఆన్‌లోనే వదిలేసే ఇళ్ళలో లెక్క వేరు, నీళ్ళు చల్లారినప్పుడల్లా అది మళ్ళీ మళ్ళీ వేడి చేస్తూనే ఉంటుంది. గొడవకి దిగేముందు ఇలా ఒక కాగితం మీద మీ వస్తువులన్నిటికీ లెక్క రాసుకోండి. నిజం చెప్పాలంటే, నన్ను అడిగినవాళ్ళలో చాలామంది ఈ కాగితం దగ్గరే ఆగిపోయారు, బిల్లు కరెక్టే అని తేలింది.

## మీటర్ దగ్గర

మీటర్ రూంలో ఇరవై మీటర్లున్నాయి, మాది ఏదో ఎలా తెలుస్తుంది?

మీటర్ మీద పెయింట్‌తోనో మార్కర్‌తోనో రాసిన ఫ్లాట్ నంబర్‌ని నమ్మకండి, అది ఎవరో ఎప్పుడో రాసింది. మీటర్ బాడీ మీద ముద్రించిన సీరియల్ నంబర్ ఉంటుంది, బిల్లు మీద కూడా మీటర్ నంబర్ ఉంటుంది, రెండూ అంకె అంకె సరిచూడండి. కలిస్తే బిల్లు ఆ మీటర్‌దే. కానీ ఆ మీటర్ మీ ఇంటికే కరెంటు ఇస్తోందా అన్నది వేరే సంగతి, అది మెయిన్ ఆఫ్ చేసి చూస్తేనే తేలుతుంది.

డిస్‌ప్లేలో అంకెలు మారిపోతున్నాయి, ఏది రీడింగ్?

డిజిటల్ మీటర్ తేదీ, టైం, వోల్టేజ్, మాక్సిమం డిమాండ్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ పోతుంది. పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్నప్పుడు కనిపించేదే యూనిట్ల రీడింగ్. కేవీఏహెచ్ అని ఇంకోటి దానిలాగే కనిపిస్తుంది, కంగారులో అది నోట్ చేసుకునేవాళ్ళున్నారు. పాయింట్ తర్వాత అంకెలు మామూలుగా లెక్కలోకి రావు. 4812.6ని ఎవరైనా 48126 అని ఎక్కించారంటే మీ బిల్లు ఏ రేంజ్‌లో వస్తుందో ఊహించుకోండి. ఫోటో కంటే చిన్న వీడియో మేలు, అన్ని స్క్రీన్లూ, సీరియల్ నంబరూ ఒకే దాంట్లో వచ్చేస్తాయి.

మా మీటర్ వేరే ఫ్లాట్‌కి కనెక్ట్ అయ్యుందేమో, ఎలా కనుక్కోవాలి?

ఇద్దరు కావాలి. ఒకరు మీటర్ దగ్గర, ఒకరు ఇంట్లో, ఫోన్ కాల్‌లో ఉండండి. ఇన్వర్టర్ ఉంటే ముందు దాన్ని ఆపెయ్యండి, లేకపోతే మెయిన్ ఆపినా లైట్లు వెలుగుతూ మిమ్మల్ని తికమక పెడతాయి. ఇప్పుడు గీజర్ లాంటి పెద్ద లోడ్ వెయ్యండి, మీ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు గబగబా బ్లింక్ అవ్వాలి. ఇంట్లో మెయిన్ ఆఫ్ చెయ్యగానే అది ఆగాలి. మీదనుకున్నది ఆగకుండా పక్క మీటర్ ఆగిందంటే మీటర్లు తారుమారైనట్టే. రెండు మూడు సార్లు వేసి ఆపి చూడండి, ఒక్కసారి చూసి తేల్చెయ్యకండి.

నా విషయంలో ఇదే జరిగింది. మేం ఇద్దరం, పొద్దున వెళ్తే రాత్రికి గానీ రాం, ఎదుటింట్లో పిల్లలు, పెద్దవాళ్ళు, రోజంతా ఏసీ. బిల్లులు మాత్రం మాకు ఎక్కువ, వాళ్ళకి తక్కువ. పదకొండో నెలలో ఒకరోజు మేం మెయిన్ ఆపితే మీటర్ అలాగే తిరుగుతోంది, ఎదుటింటి ఆంటీ వచ్చి "మీకు కరెంటు పోయిందా బాబూ" అని అడిగితే, లేదాంటీ మేమే ఆపాం అని చెప్పి, వాళ్ళ మెయిన్ ఒకసారి ఆపమంటే మా మీటర్ ఠక్కున ఆగింది. ఆవిడ మంచిది కాబట్టి ఇద్దరం కలిసే కంప్లైంట్ రాశాం, లేకపోతే ఇంకో పదకొండు నెలలు పట్టేది.

మెయిన్ ఆఫ్ చేసినా మీటర్ బ్లింక్ అవుతూనే ఉంది, అర్థం ఏంటి?

మీటర్లు తారుమారు కాలేదని తేలితే, మెయిన్‌కి ముందు ఎక్కడో మీ లైన్ మీద ఇంకేదో నడుస్తోంది. మెట్ల లైట్లు, నీళ్ళ మోటర్, లిఫ్ట్ దగ్గర లైటు, వాచ్‌మన్ గది, ఇలాంటివి ఎవరో ఎలక్ట్రీషియన్ దగ్గరగా ఉన్న వైరుకి తగిలించేసి వెళ్ళిపోయి ఉంటాడు. మోటర్ వేసినప్పుడు బ్లింక్ వేగం పెరుగుతోందా అని చూడండి, దొంగ దొరుకుతాడు.

న్యూట్రల్ కథ ఇంకోటుంది, ఇది చాలామందికి తెలీదు. కొన్ని మీటర్లు కరెంటు లోపలికొచ్చే ఫేజ్ వైరులో, తిరిగి వెళ్ళే న్యూట్రల్ వైరులో రెండిట్లోనూ కరెంటు కొలిచి, తేడా ఉంటే ఎక్కువున్న దాన్నే లెక్కేస్తాయి. దొంగతనం పట్టుకోడానికి పెట్టిన ఏర్పాటు అది. వైరింగ్ పనిలో పక్క ఫ్లాట్ న్యూట్రల్ మీ న్యూట్రల్‌తో కలిసిపోతే పాపం మీరు వాడని కరెంటు కూడా మీ ఖాతాలో పడొచ్చు. మీటర్ మీద ఎర్త్ గుర్తు ఉన్న చిన్న లైటు వెలుగుతుంటే ఫోటో తీసి లైన్‌మన్‌కి చూపించండి. సీల్ ముట్టుకోవద్దు, మూత తెరవొద్దు, షాక్ సంగతి అటుంచి, ట్యాంపరింగ్ కేసు మీ మీద పడుతుంది.

మీటరే ఫాస్ట్‌గా తిరుగుతోందేమో, ఇంట్లోనే చెక్ చెయ్యొచ్చా?

స్థూలంగా చెయ్యొచ్చు. మీటర్ మీద 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది, ఒక యూనిట్‌కి అన్నిసార్లు బ్లింక్ అవుతుందని దానర్థం. ఇంట్లో అన్నీ ఆపి, 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్ బకెట్ నీళ్ళలో పెట్టి అదొక్కటే వెయ్యండి. 3200 మీటరైతే నిమిషానికి 53 బ్లింక్‌లు రావాలి. ఇస్త్రీపెట్టెతో చెయ్యకండి, అది మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది.

45 వచ్చిందనో 57 వచ్చిందనో ఎగిరి గంతెయ్యొద్దు. వోల్టేజ్ పది శాతం తగ్గితే రాడ్ లాగే వాట్లు దాదాపు 19 శాతం తగ్గిపోతాయి, రాడ్ మీద రాసిన వాట్లు కూడా అంత కచ్చితం కాదు. ఈ టెస్టుతో చిన్న తేడాలు తేలవు, 53 రావాల్సిన చోట 100 వస్తే మాత్రం కంప్లైంట్‌లో గట్టిగా రాయొచ్చు.

స్మార్ట్ మీటర్ పెట్టాక బిల్లు పెరిగింది, మీటర్ తప్పేనా?

మామూలుగా కాదు. లోపల చక్రం తిరిగే పాత మీటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి నెమ్మదిస్తాయి, చిన్న చిన్న లోడ్లు పట్టవు. కొత్తది అన్నీ పడుతుంది, కాబట్టి కొంచెం పెరగడం సహజం. అలాగని ఎలక్ట్రానిక్ మీటర్ దేవుడేం కాదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళు 2017లో బయటపెట్టిన పరీక్షల్లో తొమ్మిది మీటర్లలో ఐదు ఎక్కువ చూపించాయి, ఒక సందర్భంలో ఏకంగా 582 శాతం ఎక్కువ. అయితే అది డిమ్మర్‌కి తగిలించిన ఎల్ఈడీ, సీఎఫ్ఎల్ లైట్లతో ల్యాబ్‌లో పెట్టిన పరిస్థితి, మన ఇంట్లో అంత తేడా రావడం అరుదు. అనుమానముంటే పాత మీటర్‌ని పక్కనే ఉంచో, చెక్ మీటర్ (సరిచూడ్డానికి పక్కన పెట్టే ఇంకో మీటర్) పెట్టించో కొన్నాళ్ళు రెండూ పోల్చమని అడగండి.

మీటర్ మార్చిన నెలే వేలకి వేల యూనిట్లు వచ్చాయి, గుండె ఆగినంత పనైంది!

భయపడకండి, అన్నిట్లోకీ తేలిగ్గా సరయ్యే తప్పు ఇదే. పాత మీటర్ 24560 దగ్గర తీసేశారు, కొత్తది ఇప్పుడు 12 చూపిస్తోంది అనుకోండి. మీటర్ మారిందని సిస్టంలో ఎక్కించకపోతే, అది ఐదంకెల మీటర్ 99999 దాటి మళ్ళీ సున్నా నుంచి మొదలైందనుకుని 75452 యూనిట్లు వేసేస్తుంది. మీటర్ మార్చినప్పుడు ఇచ్చిన కాగితం, పాత మీటర్ చివరి రీడింగ్ ఫోటో చూపిస్తే చాలు. ఆ కాగితం ఓనర్ దగ్గరుంటుంది, అడిగి తీసుకోండి.

## ఓనర్‌తో

ఓనర్‌కి ఎలా చెప్పాలి, గొడవ అవుతుందేమో?

"బిల్లు తప్పు" అని మొదలుపెడితే ఆయనకి మీరు కట్టనంటున్నారేమో అనిపిస్తుంది. సాక్ష్యం ముందు పెట్టి సాయం అడిగినట్టు రాయండి. నేనైతే ఇలా పంపుతా: "నమస్తే అంకుల్. ఈ నెల బిల్లులో కొత్త రీడింగ్ 5731 అని ఉంది, ఇవాళ మీటర్ చూస్తే ఇంకా 5371 దగ్గరే ఉంది, ఫోటో పెట్టాను చూడండి. అంకెలు అటూ ఇటూ అయినట్టున్నాయి. కనెక్షన్ మీ పేరు మీద ఉంది కదా, కంప్లైంట్ మీ తరఫున నేనే పెడతాను, ఒక లెటర్ మీద సంతకం చేసిస్తే చాలు." ఆయనకి పని తక్కువ, తప్పు ఎవరి మీదా నెట్టలేదు, చాలామంది సరే అంటారు. ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత ఈ మెసేజ్ ఒకటి పడెయ్యండి, రేపు "నాకు చెప్పలేదే" అనకుండా ఉంటుంది.

"వాడింది మీరు, కట్టాల్సింది మీరే" అంటున్నారు ఓనర్, ఏం చెయ్యాలి?

వాడింది కడతాం, వాడనిది ఎందుకు కడతాం అన్నదే పాయింట్. ఆయన్ని మీటర్ దగ్గరికి రమ్మని, ఎదురుగానే ఇంటి మెయిన్ ఆపి మీటర్ చూపించండి. మాటలతో ఒప్పుకోని మనిషి ఆ బ్లింక్ అయ్యే లైటు చూసి ఒప్పుకోవడం నేను చూశాను. తప్పు వైరింగ్‌లో ఉంటే అది సరిచేయించాల్సింది బిల్డింగ్ వాళ్ళు, ఓనరే తప్ప అద్దెకున్నవాళ్ళు కాదు.

కనెక్షన్ నా పేరు మీద లేదు, నేను కంప్లైంట్ పెట్టొచ్చా?

ఫోన్‌లోనో యాప్‌లోనో సర్వీస్ నంబర్ కొట్టి మామూలు కంప్లైంట్ చాలా చోట్ల ఎవరైనా పెట్టొచ్చు. మీటర్ టెస్ట్, డబ్బు వెనక్కి, కేటగిరీ మార్పు లాంటివాటికి వచ్చేసరికి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ సంతకం అడుగుతారు. ఓనర్ వేరే దేశంలో ఉంటే సంతకం చేసిన లెటర్ స్కాన్ చేసి పంపమనండి, దాంతోపాటు మీ రెంటల్ అగ్రిమెంట్ కాపీ జతచెయ్యండి.

మాకు సబ్ మీటర్ (మెయిన్ మీటర్ కింద ఒక్కో వాటాకి పెట్టే చిన్న మీటర్), ఓనరే లెక్కేసి చెప్తారు, సరిచూసుకునేదెలా?

మెయిన్ మీటర్ బిల్లు చూపించమని అడగండి, మర్యాదగానే. అందరి సబ్ మీటర్ యూనిట్లూ కలిపితే మెయిన్ మీటర్ యూనిట్లకి కాస్త తక్కువగా ఉండాలి, మిగిలింది కామన్ లైట్లు, మోటర్. సబ్ మీటర్ల మొత్తమే ఎక్కువుందంటే ఏదో ఒక సబ్ మీటర్ ఎక్కువ తిరుగుతోంది, లేదా రీడింగ్ తప్పు రాస్తున్నారు. ఇంకో చిక్కేంటంటే, అందరి వాడకం ఒకే మీటర్ మీద పడటంతో పై శ్లాబ్ రేటు వస్తుంది, తక్కువ వాడేవాళ్ళు కూడా ఆ రేటే కట్టాల్సొస్తుంది. యూనిట్ రేటు ఎంతని అగ్రిమెంట్‌లో రాయించుకోకపోతే తర్వాత వాదించడం కష్టం.

ముందున్నవాళ్ళ బాకీ నా బిల్లులో వచ్చింది, నేనెందుకు కట్టాలి?

మీరు కట్టక్కర్లేదు, కానీ కరెంటాఫీసుకి మాత్రం మనుషులు కనపడరు, సర్వీస్ నంబరే కనపడుతుంది, బాకీ అలాగే ఉంటే ఫ్యూజ్ తీసుకుపోయేది మీ ఇంటిదే. అగ్రిమెంట్ తేదీ, దిగిన రోజు రీడింగ్ ఫోటో ఓనర్‌కి పంపి ఆ మొత్తం ఆయన్నే కట్టమనండి, అర్జెంటుగా మీరే కట్టాల్సి వస్తే అద్దెలో తగ్గించుకుంటానని ముందే మెసేజ్‌లో ఒప్పించుకోండి. ప్రీపెయిడ్ మీటరైతే రీఛార్జ్ చెయ్యగానే పాత బాకీ కింద కొంత కోసుకోవడం ఉంటుంది, బ్యాలెన్స్ ఎందుకు తగ్గిందో అర్థం కాకపోతే ముందు ఇదే అడగండి.

## కంప్లైంట్ పెట్టేటప్పుడు

ఫోన్ చేస్తే సరిపోతుందా, రాసివ్వాలా?

ఫోన్‌తో మొదలుపెట్టండి, కంప్లైంట్ నంబర్ లేకుండా ఫోన్ పెట్టెయ్యకండి. ఆఫీసుకి వెళ్తే రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. "చూస్తాంలే అమ్మా, వెళ్ళండి" అన్న మాటకి తేదీ ఉండదు.

అందులో ఏం రాయాలి?

తిట్లు తప్ప మిగతావన్నీ. సర్వీస్ నంబర్, మీటర్ నంబర్, ఏ నెల బిల్లు, బిల్లులో ఉన్న రీడింగ్, మీటర్‌లో ఉన్న రీడింగ్, చూసిన తేదీ, చివర్లో మీకేం కావాలో ఒక్క వాక్యం. "బిల్లు చాలా ఎక్కువ వచ్చింది, దయచేసి తగ్గించగలరు" అంటే ఎవరూ ఏం చెయ్యలేరు, దాన్ని తీసి పక్కన పెడతారు. "రీడింగ్ 5371కి బదులు 5731 అని నమోదైంది, 360 యూనిట్లు తీసేసి బిల్లు రివైజ్ చెయ్యగలరు" అంటే అవతల కూర్చున్నతనికి ఏం టైప్ చెయ్యాలో తెలుస్తుంది. గత ఆరు నెలల బిల్లులు, ఫోటోలు జతచెయ్యండి.

మీటర్ టెస్ట్ చేయించమంటారా?

రీడింగ్ సరే, లెక్క సరే, వైరింగ్ కూడా సరే అని తేలాకే. ఫీజు ఉంటుంది, మీటర్ తప్పని తేలితే చాలా చోట్ల తిరిగిస్తారు. ఇళ్ళకి పెట్టే మీటర్లలో క్లాస్ 1 అని ఉంటే ఒక శాతం అటూ ఇటూ, క్లాస్ 2 అయితే రెండు శాతం దాకా తేడా ఉండొచ్చన్నది ఆ క్లాస్ లెక్క. టెస్ట్‌లో మీటర్ నెమ్మదిగా ఉందని తేలితే ఎదురు మీరే కట్టాల్సి రావచ్చు, అదీ గుర్తుంచుకోండి. టెస్ట్ చేసేటప్పుడు దగ్గరుండండి, రిపోర్ట్ కాపీ అడగండి.

నెలయ్యింది, ఎవరూ పట్టించుకోవట్లేదు, ఇప్పుడెలా?

అదే కౌంటర్ చుట్టూ తిరగొద్దు, ఒక మెట్టు పైకి వెళ్ళండి. పై అధికారి, ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, దాని మీద అంబుడ్స్‌మన్ లేదా రెగ్యులేటర్, పేర్లు వేరైనా చాలా చోట్ల ఇలాంటి మెట్లే ఉంటాయి. ప్రతి మెట్టు దగ్గరా కింది మెట్టులో పెట్టిన కంప్లైంట్ నంబర్ అడుగుతారు.

## కట్టడం, వెనక్కి రాబట్టడం

తేలేదాకా బిల్లు ఆపెయ్యొచ్చా?

మొత్తం ఆపెయ్యకండి. కంప్లైంట్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటే గడువు దాటాక లేటు ఫీజు పడుతుంది, కనెక్షన్ కూడా తీసెయ్యొచ్చు, తర్వాత మళ్ళీ పెట్టించుకోడానికి ఇంకో ఫీజు. గత నెలల సగటు మేరకి కట్టనివ్వమని గడువు లోపలే రాసి అడగండి, ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్న కాగితం దాచుకోండి. ఒప్పుకోకపోతే, చేతిలో ఉంటే పూర్తిగా కట్టేసి "అభ్యంతరంతో కడుతున్నాం" అని రాసివ్వడం నయం. యాప్‌లో సగం కట్టే ఆప్షన్ ఉండకపోవచ్చు, కౌంటర్‌లో కట్టాల్సి రావచ్చు.

తప్పని ఒప్పుకున్నారు, డబ్బు ఎప్పుడొస్తుంది?

ఎక్కువగా చేతికి రాదు, వచ్చే బిల్లుల్లో తగ్గిస్తారు. తర్వాతి బిల్లులో అడ్జస్ట్‌మెంట్ గడిలో మైనస్ గుర్తుతో ఉందా లేదా చూడండి. ఆ నెల లేకపోతే మళ్ళీ అడగాలి, దానంతటదే వస్తుందని కూర్చోవద్దు.

ఈలోపు ఇల్లు ఖాళీ చేసేస్తే ఆ డబ్బు ఎవరికి?

క్రెడిట్ సర్వీస్ నంబర్ మీద పడుతుంది, అంటే ఓనర్‌కో తర్వాత వచ్చినవాళ్ళకో లాభం. ఖాళీ చేసేముందే "కంప్లైంట్ తేలితే వచ్చే మొత్తం నాకు పంపాలి" అని ఓనర్‌తో మెసేజ్‌లో ఒప్పించుకోండి, లేదా ఆ మొత్తం అంచనా వేసి చివరి అద్దెలోంచి తగ్గించుకునేలా మాట్లాడుకోండి.

## దిగేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు

కొత్త ఫ్లాట్‌లో దిగేరోజు ఏం చెయ్యాలి?

సామాను దించేముందు మీటర్ ఫోటో. సీరియల్ నంబరూ రీడింగూ రెండూ కనపడేలా తీసి అదే రోజు ఓనర్‌కి వాట్సాప్ చెయ్యండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే మెయిన్ ఆపి చూస్తే మీటర్ మీదేనా కాదా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఫ్రిజ్‌లో సామాను పెట్టాక ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది. చివరి బిల్లు కట్టిన రసీదు కూడా అడగండి.

ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అంచనాగా అడ్వాన్స్‌లోంచి కోసేస్తారేమో?

తాళాలు ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి రీడింగ్ చూసి ఫోటో తియ్యండి. చివరి బిల్లులో ఉన్న రీడింగ్ దీన్లోంచి తీసేస్తే మీ మిగతా యూనిట్లు వస్తాయి, వాటికి శ్లాబ్ లెక్కేసి, రోజుల లెక్కన ఫిక్స్‌డ్ ఛార్జీ కలిపి అక్కడే తేల్చుకోండి. కుదిరితే స్పెషల్ రీడింగ్ తీయించి ఫైనల్ బిల్లు అడగండి. "బిల్లు వచ్చాక చూసి మిగతాది పంపిస్తాలే" అంటే సరే అనండి గానీ, ఎన్ని యూనిట్లు, ఏ తేదీ దాకా అన్నది ఆ రోజే మెసేజ్ పెట్టి, దానికి ఆయన ఓకే అని రిప్లై ఇచ్చాక తాళాలు ఇవ్వండి.